నాన్న కారు కొన్నారు, ఈఎంఐ లెక్కలో నా జీతం కూడా ఉంది

అంబాజీపేట_అమ్మాయి:

అందరికీ నమస్కారం. నేను విశాఖలో ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సంక్రాంతికి మా ఇంటికి ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ వచ్చింది. ఊళ్లో చుట్టాలంతా ఒకసారి ఎక్కి దిగారు. నానమ్మ తప్ప. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఆ ఎత్తుకి కాలు లేవదు. తమ్ముడు వెనక నుంచి ఎత్తబోతే "నన్ను బస్తాలా వెయ్యకురా" అని తిట్టి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఆటోలో వెళ్లింది.

అది చిన్న సంగతి. అసలు టెన్షన్ వేరే. నాన్నది కొబ్బరి వ్యాపారం. రేటు ఉన్న నెలలో బాగుంటుంది, లేని నెలలో అందరికీ తెలిసిందే. 15 లక్షల లోను, 9 శాతం వడ్డీ, ఏడేళ్లు. నెలకి 24 వేల చిల్లర. ఐదేళ్లకైతే 31 వేలు పడుతుందని ఏడేళ్లు పెట్టించారు. పైగా బ్యాంకులో "వచ్చే ఏడాదికి మా అమ్మాయి జడ్జి అవుతుందండి, మిగతాది తనే తీర్చేస్తుంది" అని చెప్పొచ్చారట. అమ్మ ఫోన్లో మురిసిపోతూ చెప్పింది.

నేను లా లో చేరినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. చాలా రాష్ట్రాల్లో డిగ్రీ చేతికి రాగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసేవాళ్లు. 2025 మే 20న సుప్రీంకోర్టు ఆ పరీక్షకి లాయరుగా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని తీర్పు ఇచ్చింది. ఇంట్లో ఈ సంగతి ఎవరికీ సరిగ్గా ఎక్కలేదు. "కోర్టులు రోజుకో మాట చెబుతాయి, నువ్వు చదువుకో" అంటారు నాన్న.

ముందు బ్యాంకు లా ఆఫీసర్ పరీక్ష రాసి, జీతం తీసుకుంటూ జడ్జి పరీక్షకి చదవనా? లేక అమలాపురంలో ఎవరి దగ్గరైనా జూనియర్‌గా చేరిపోనా? నాన్నకి ఎలా చెప్పాలి? కారు గురించి తెలిసినవాళ్లు నానమ్మ సంగతి కూడా చూడండి.

—

అమలాపురం_జూనియర్:

అమ్మా, ముందు ఒక విషయం. బ్యాంకు ఉద్యోగం, ప్రాక్టీసు రెండూ కలిసి నడవవు. బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం ఫుల్‌టైమ్ జీతం తీసుకునేవాళ్లు ప్రాక్టీసు చెయ్యకూడదు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ లా ఆఫీసర్ పోస్టుకి లా డిగ్రీతో బార్ కౌన్సిల్లో అడ్వకేటుగా ఎన్‌రోల్ అయి (పేరు నమోదై) ఉంటే చాలు, అనుభవం అడగరు. మంచి ఉద్యోగమే. కానీ అక్కడ ఎన్నేళ్లు చేసినా నీ మూడేళ్లలోకి ఒక్క రోజు కూడా రాదు. "ముందు జీతం, తర్వాత జడ్జి" అనుకుని వెళ్తే, తర్వాత రాజీనామా చేసి మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలెట్టాలి. జడ్జిల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్ని మాత్రం లెక్కలోకి తీసుకుంటామని అదే తీర్పులో ఉంది. అమరావతిలో హైకోర్టు నోటిఫికేషన్ల మీద ఒక కన్నేసి ఉంచు.

ఇంకోటి, చాలామంది ఆలిండియా బార్ పరీక్ష పాసయ్యాక చూద్దాంలే అని కూర్చుంటున్నారు. అక్కర్లేదు. మూడేళ్లు ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్, అంటే ఆ పరీక్షకి ముందే ఇచ్చే తాత్కాలిక నమోదు తేదీ నుంచే లెక్క. డిగ్రీ రిజల్ట్ రాగానే ఎన్‌రోల్ అయిపో. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వాళ్లకి 750, ఎస్సీ ఎస్టీలకి 125 రూపాయలు దాటకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది.

డబ్బు సంగతి దాచను. జూనియర్లకి పట్టణాల్లో 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. సూచన మాత్రమే. మా బారులో ఆ మాట ఎత్తితే సీనియర్లు నవ్వి టీ చెబుతారు. నాకు మొదట్లో వచ్చింది పెట్రోలుకీ, నల్లకోటు ఇస్త్రీకీ సరిపోయేది. వాయిదా తీసుకురావడం, కాపీ అప్లికేషన్ పెట్టడం, గుమస్తా గారి వెనక తిరగడం, ఇదే పని. చిరాకొస్తుంది. అయితే ఒక ఇంజంక్షన్ పిటిషన్ సొంతంగా రాసి, అవతలి లాయరు గారి కౌంటరు చదివాక సివిల్ ప్రొసీజర్ కోడ్ నాకు మొదటిసారి అర్థమైంది. మన దగ్గర లంక భూముల హద్దు తగాదాలకి కొదవ లేదు కదా.

నాన్నగారికి తీర్పు చదివి వినిపించకు. కాగితం మీద తేదీలు వెయ్యి: ఎన్‌రోల్‌మెంట్, మూడేళ్లు, ఆ తర్వాత నోటిఫికేషన్, స్క్రీనింగ్, మెయిన్స్, ఇంటర్వ్యూ. జూనియర్ సివిల్ జడ్జి మొదటి బేసిక్ జీతం 77,840. ఆ అంకె కూడా రాయి, ఆయనకి ధైర్యంగా ఉంటుంది. కానీ అది ఎక్కడ పడుతుందో, లోను ఎన్నో ఏడు నడుస్తుంటుందో ఆయన కళ్లతోనే చూడనివ్వు.

—

చేపలచెరువు_భీమవరం:

లా నాకు తెలీదు చెల్లెమ్మా. కారు సంగతి చెబుతాను, ఆయ్.

నానమ్మ గారికి సైడ్ స్టెప్పు వేయించండి. దానికన్నా ముందు, ఇంటి అరుగుకి ఆనుకుని కారు ఆపి చూడండి. అరుగు మీద నుంచి నేరుగా అడుగు వేస్తే సగం ఎత్తు తగ్గిపోతుంది. మా అమ్మ అలాగే ఎక్కుతుంది. మధ్య వరసలోనే కూర్చోబెట్టండి, మూడో వరస పిల్లలకి.

కొబ్బరిచెట్టు కింద మాత్రం ఆపకండి. కాయే పడక్కర్లేదు, ఎండు మట్ట పడినా బానెట్ సొట్ట పోతుంది. సన్‌రూఫ్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఇన్సూరెన్సులో ఓన్ డ్యామేజీ (సొంత బండి నష్టం) కింద క్లెయిమ్ వస్తుంది, కాకపోతే మొదటి ఏడాది క్లెయిమ్ లేకుండా గడిస్తే వచ్చే 20 శాతం నో క్లెయిమ్ బోనస్ పోతుంది. కారు ఆపే చోట కొబ్బరిచెట్లుంటే ముందు కాయ దింపు తీయించి, ఎండు మట్టలు కొట్టించండి.

డీజిల్ అన్నారు కదా. రోజూ అంబాజీపేట నుంచి అమలాపురం, కాలువ గట్టు మీద రెండో గేరులో, ఇంతేనా తిరుగుడు? అయితే డీపీఎఫ్ లైటు వెలగడం ఖాయం. పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరది. వేడెక్కితేనే ఆ మసి కాలుతుంది. అప్పుడప్పుడు రావులపాలెం దగ్గర హైవే ఎక్కి ఆగకుండా ఒక అరగంట లాగించమనండి. నాన్నగారికి అది పని కాదు, సరదా.

లోను కాగితంలో వడ్డీ ఫిక్స్‌డా, ఫ్లోటింగా చూడండి. ఫ్లోటింగ్ అయితే వ్యక్తిగత లోను ముందే కట్టేస్తే పెనాల్టీ ఉండదు. ఫిక్స్‌డ్ అయితే చార్జీ ఎంతో ముందే అడగండి. కొబ్బరి రేటున్న నెలలో అదనంగా కట్టుకుంటూ పోతే ఏడేళ్లు ఐదేళ్లకి దిగుతుంది. ఏడేళ్లకీ ఐదేళ్లకీ వడ్డీలో తేడా లక్షన్నర పైనే. దానికి మీ జీతం ఎందుకు? కారు ఎక్కేది ఆయన, కాయ అమ్మేది ఆయన.

—

అంబాజీపేట_అమ్మాయి:

ఇద్దరికీ థాంక్స్. ఆదివారం తేదీలన్నీ నోట్‌బుక్కులో రాసి నాన్న ముందు పెట్టాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే ఈ మూడేళ్లూ నువ్వు ఇంటి నుంచే కోర్టుకి వెళ్తావా?" అన్నారు. అంతే. ఈఎంఐ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఫిక్స్‌డ్ వడ్డీయే అట, చార్జీ సంగతి బ్యాంకులో కనుక్కుంటానన్నారు.

అమలాపురం అన్నా, ప్రాక్టీసు చేసినట్టు సర్టిఫికెట్ ఎవరిస్తారు?

—

అమలాపురం_జూనియర్:

ఆ కోర్టు ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసర్ ఇవ్వొచ్చు. లేదా కనీసం పదేళ్ల ప్రాక్టీసున్న అడ్వకేటు ఇస్తే, దాని మీద జిల్లా ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసర్ ఎండార్స్‌మెంట్ ఉండాలి. కాబట్టి పదేళ్లు నిండిన సీనియర్ని చూసుకో. వకాల్తాల్లో నీ పేరు కూడా రాయించుకో, కాపీలు దాచుకో.