అప్‌డేట్: ఫెర్రస్ సల్ఫేట్‌తో గోధుమ రంగు అవక్షేపం – కారణం దొరికింది

అనంతపురంలో మా ఇంటర్ ప్రయోగశాలలో ఫెర్రస్ సల్ఫేట్ (ఒక ఇనుము లవణం) ద్రావణానికి సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కలిపితే మురికి ఆకుపచ్చ బదులు నేరుగా గోధుమ రంగు అవక్షేపం (ద్రావణంలో విడిపోయి అడుగుకు దిగే ఘనపదార్థం) ఎందుకు వస్తోందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పొటాషియం థయోసయనేట్ చుక్క వేసి చూడమన్న సలహాతో విషయం తేలిపోయింది. ద్రావణం రక్తంలా ఎర్రబడింది, అంటే అందులో ఫెర్రిక్ అయాన్లున్నాయి (ఫెర్రస్ కంటే ఒక ఎలక్ట్రాన్ తక్కువున్న ఇనుము అయాన్లు); క్షారంతో గోధుమ అవక్షేపమిచ్చేవి అవే. మూత వదులైన పాత సీసాలో స్ఫటికాలపై పసుపు పొర కూడా కనిపించింది. గాలిలోని ఆక్సిజన్ వల్ల ఫెర్రస్ అయాన్ ఒక ఎలక్ట్రాన్ కోల్పోయి, 3d⁶ నుంచి సగం నిండిన, స్థిరమైన 3d⁵ ఎలక్ట్రాన్ల అమరికకు చేరుతుంది.

మందు కూడా మీరు చెప్పిందే. విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, ఉప్పుకాగితంతో రుద్దిన ఇనుప మేకులు వేసి మెల్లగా వేడిచేశాం. రెండు ఫెర్రిక్ అయాన్లు, ఒక ఇనుము పరమాణువు కలిసి మూడు ఫెర్రస్ అయాన్లవుతాయి. పసుపు పోయి లేత ఆకుపచ్చ వచ్చింది. జింకు పూత మేకులు వాడకండి, జింకు కూడా ద్రావణంలోకి వచ్చి క్షారంతో తెల్ల అవక్షేపమిస్తుంది. హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి మంట దూరంగా ఉంచి వేడినీళ్ల పాత్రలో పెట్టడం మంచిది. ఆమ్లం మిగిలి ఉంటుంది కనుక క్షారం కాస్త ఎక్కువే పడుతుంది.

బోరు నీళ్ల ఫ్లోరైడును అనుమానించినవారే ఎక్కువ. మా జిల్లా పేరు వింటే అది సహజమే, కానీ స్వేదనజలంతోనూ గోధుమ రంగే వచ్చింది. క్షారం పాతదన్న వాదనా నిలవలేదు. అదే సీసాలోని క్షారం కొత్త మోర్ లవణంతో (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్) చక్కటి ఆకుపచ్చ అవక్షేపం ఇచ్చింది. అది కూడా కాసేపటికి పైనుంచి గోధుమ రంగుకు తిరుగుతుంది, కంగారు పడకండి.