ఈ వారం సమస్య: మర్రి నీడ లోన మంట రేగె

నిర్వాహకుడు (నల్లగొండ):
ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇచ్చాను, మిగతా మూడూ మీరు పూరించాలి. మర్రి నీడ చల్లగా ఉండాలి, అక్కడ మంటేమిటన్నదే చిక్కు. పైకి పొసగనట్టుండి, అర్థం తెలిస్తే పొసిగేదాన్ని విరోధాభాస అంటాం. డీఎస్సీ కోసం లక్షణాలు బట్టీ పడుతున్న పిల్లలున్నారు కదా, ఏ అలంకారంతో చిక్కు విప్పారో కూడా కింద రాయండి.

మిర్యాలగూడ సభ్యుడు:
అన్నదమ్ము లిద్ద రాస్తి పంచగ వచ్చి
పెద్దమనుషు లెదుట పిడికి లెత్తి
మాట మాట పెంచి మనసులు విరుగంగ
మర్రి నీడ లోన మంట రేగె
(శ్లేష)

నిర్వాహకుడు:
'పిడికిలెత్తి' దగ్గర పంచాయితీ కళ్ళకు కట్టింది. అలంకారం పేరే తప్పు. శ్లేషలో రెండర్థాలూ నిలబడాలి. ఇక్కడ నిప్పు అనే అర్థం నిలిస్తే పెద్దమనుషులు కూడా కాలిపోతారు! కోపం అన్న మాటే లేదు, మంట దాన్ని మింగేసింది. ఉపమానం (దేనితో పోలుస్తామో అది, ఇక్కడ మంట) ఉపమేయాన్ని (దేన్ని పోలుస్తామో దాన్ని, ఇక్కడ కోపాన్ని) మింగితే రూపకాతిశయోక్తి. 'మంటలాంటి కోపం' అంటే ఉపమ, 'కోపమనే మంట' అంటే రూపకం. ఈ మూడు మెట్లు పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

వనపర్తి టీచరమ్మ:
ఎచట సేద దీరు నెండలో పథికుండు?
అగ్గి రవ్వ పడగ నడవి నేమి
జరిగె ననుచు నడుగ జవ్వని పలికెను
మర్రి నీడ లోన, మంట రేగె
(క్రమాలంకారం: రెండు ప్రశ్నలకు అదే వరుసలో రెండు జవాబులు)

మిర్యాలగూడ సభ్యుడు:
చాలా బాగుందమ్మా. ఆ జవ్వని ఎవరు, యతి కోసం, అంటే పాదం మొదటి 'జ'కు జత కుదరడానికి వచ్చిందా?

వనపర్తి టీచరమ్మ:
అంతే అన్నా. పని కాగానే పంపించేశా.

పాలమూరు సభ్యుడు:
2018లో మా పాలమూరు పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి చెదలు పట్టి, సెలైన్‌లాగ సీసాలు కట్టి మందెక్కించిన సంగతి గుర్తొచ్చింది.

చెదలు దొలిచి నంత సీసాల మందెక్కె
నూడ లూగి నట్టి యూరివారి
గుండె తల్లడిల్లి కుమిలిపోయెను నాడు
మర్రి నీడ లోన మంట రేగె
(ఉపమ?)

నిర్వాహకుడు:
పోలిక లేదు, 'వలె' లేదు, ఉపమ ఎక్కడిది? మూడో పాదంలోనే బాధ చెప్పేశారు కాబట్టి మంట దేన్నీ మింగలేదు కూడా. ఇందులో అలంకారం వెతక్కండి, కరుణరసం చాలు. ఒక్కోచోట అలంకారం లేకున్నా కావ్యమే అని 'కావ్యప్రకాశం' రాసిన మమ్మటుడే ఒప్పుకున్నాడు.

దేవరకొండ విద్యార్థిని:
పొట్ట చేతబట్టి పోయిరి బొంబాయి
వలస బతుకు కొరత తీర లేదు
ఆక లనెడి యగ్గి యడుగంట గాల్చంగ
మర్రి నీడ లోన మంట రేగె
(రూపకం)

నిర్వాహకుడు:
అలంకారం సరిగ్గా చెప్పావమ్మా. రెండో పాదంలో 'వ'కు 'తీ' యతి చెల్లదు, 'వదల లేదు' అను. అంతకన్నా పెద్ద చిక్కు, బొంబాయి పోయినోళ్లకు మర్రి నీడ ఎక్కడిది? అన్వయం తెగింది.

దేవరకొండ విద్యార్థిని:
మొదటి పాదంలో 'పోయిరి బొంబాయి' తీసి 'పోయి వచ్చిన గాని' అంటే సరిపోతుందా సార్?

నిర్వాహకుడు:
భేష్, గణాలూ కుదిరాయి. ఇక మూడో పాదంలో అగ్గి, నాలుగో పాదంలో మంట, పునరుక్తి. పైన పొట్ట ఉండనే ఉంది కదా, ఆకలినీ అగ్గినీ రెంటినీ తీసేసి చూడు.

దేవరకొండ విద్యార్థిని:
తీసేస్తే రూపకం పోతది కదా సార్!

నిర్వాహకుడు:
పోనీ. పైన మిర్యాలగూడ ఆయనకు ఏం చెప్పానో చూడు.

దేవరకొండ విద్యార్థిని:
ఓహో, మంట మింగేస్తది. మూడో పాదం రేపు పెడతా సార్.