సింగపూర్ పీఆర్ (శాశ్వత నివాసం) తీసుకుంటే బాబుకి ఎన్ఎస్ (తప్పనిసరి సైనిక సేవ) తప్పదు, ఏం చేద్దాం?

జురాంగ్ నాన్న:
ఈపీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నాం, పీఆర్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాం. బాబుకి 9 ఏళ్లు, వాడి పేరు కూడా పెడితే 18 దాటాక 2 ఏళ్లు ఎన్ఎస్ చేయాల్సిందే కదా. మా ఆవిడ ససేమిరా అంటోంది, ఇండియన్ పాస్‌పోర్ట్ పెట్టుకుని వేరే దేశం ఆర్మీలో చేయడమేంటి అని. ఇక్కడేమో ఎన్ఎస్ చేసినోడే అసలు సింగపూరియన్ అంటారు, అది నిజమేనా ఊరికే అనేదా?

సెంగ్‌కాంగ్ పద్మ:
మా పెద్దోడు పోయినేడే ముగించాడండి. చేర్చే రోజు మమ్మల్ని కూడా ఫెర్రీలో ట్రైనింగ్ ఇచ్చే టెకాంగ్ దీవికి తీసుకెళ్లారు, కుక్‌హౌస్‌లో వాడితో పాటే భోజనం, ఆ తర్వాత గుండు. నేను ఏడ్చాను, వాడు మాత్రం అమ్మా పద పద అన్నాడు. పరేడ్ కమాండ్లన్నీ మలయ్‌లోనే ఉంటాయి, వీకెండ్ ఇంటికొస్తే వాళ్ల చెల్లిని నిలబెట్టి "సెడియా" (అటెన్షన్) అని అరిచేవాడు. స్కూల్లో అన్నేళ్లు మనవాళ్లతోనే తిరిగినోడికి ఇప్పుడు దగ్గరి ఫ్రెండ్స్ ఒక చైనీస్ అబ్బాయి, ఒక మలయ్ అబ్బాయి.

చరిత్ర పిచ్చోడు:
గుర్తింపు సంగతి తర్వాత అండి, ముందు అది అవసరం. 1965లో మలేషియా నుంచి విడిపోయేటప్పటికి వీళ్లకి ఉన్నవి రెండే బెటాలియన్లు, అప్పటి రక్షణ మంత్రి గో కెంగ్ స్వీ 1967లో ఎన్ఎస్ చట్టం తెచ్చాడు, ట్రైనింగ్‌కి ఇజ్రాయెల్ వాళ్లని రప్పించి బయటికి మెక్సికన్లని చెప్పుకున్నారు. అన్ని జాతులూ కలవాలన్నారు గానీ మొదటి ఏళ్లలో మలయ్ కుర్రాళ్లని పెద్దగా పిలవనేలేదు. ఆడపిల్లలకి ఇప్పటికీ లేదు, మరి వాళ్లు సింగపూరియన్లు కాదా?

రిజర్విస్ట్ తమ్ముడు:
నేను పీఆర్‌గా చేశాను అన్నా. రైఫిలూ బ్యాగూ మోసుకుని 24 కిలోమీటర్లు నడిచి, బొబ్బలెక్కిన కాళ్లతో పక్కనోడితో కలిసి ఆఫీసర్‌ని తిట్టుకున్నాం చూడు, నాకైతే ఈ ఊరు నాది అనిపించింది అక్కడే, జెండా వందనం దగ్గర కాదు. కానీ ఫ్రీగా రాదు అన్నా, నా క్లాసు అమ్మాయిలు డిగ్రీ సగం చేసేశాక నేను ఫస్టియర్‌లో కూర్చున్నా, ఇప్పుడు జాబ్‌లో ఉన్నా ఏడాదికి 40 రోజుల దాకా రిజర్విస్ట్‌కి (ఎన్ఎస్ అయ్యాక మళ్లీ చేసే డ్యూటీకి) పిలవచ్చు. అసలు కిటుకు ఇంకోటి ఉంది, 13 దాటాక పిల్లాడు 3 నెలలు అంతకన్నా ఎక్కువ దేశం బయటుంటే ఎగ్జిట్ పర్మిట్ కావాలి, ఎన్ఎస్ చేయకుండా పీఆర్ వదిలేస్తే రేపు వాడు ఇక్కడ చదువుకో ఉద్యోగానికో వద్దామన్నా ఆ రికార్డు అడ్డం పడుద్ది. బాబుని పెట్టకుండా మీరిద్దరే అప్లై చేసుకునే దారీ ఉంది, ఇండియా వెళ్లిపోయే ఆలోచన కొంచెమున్నా అదే నయం.

జురాంగ్ నాన్న:
థాంక్స్ తమ్ముడూ, మా ఆవిడకి చూపించా. ఇప్పుడు కొత్త డౌట్ పెట్టింది, మేం పూర్తి శాకాహారులం, అక్కడ తిండి ఎలా అని 😅

సెంగ్‌కాంగ్ పద్మ:
వెజ్ ఉంటుందండి, ముందే చెప్పుకోవాలి. పచ్చడి మాత్రం మనమే కట్టివ్వాలి.