ట్యాబ్లెట్‌లో కెమెరా తెరిస్తే హెల్ప్‌డెస్క్ పేజీ మళ్లీ మొదటికి వస్తోంది

మా కాలేజీలో ప్రింటర్లు, నెట్‌వర్క్ ఫిర్యాదులు చూసే నలుగురం టికెట్లను, అంటే ఒక్కో ఫిర్యాదు నమోదు పత్రాన్ని, ట్యాబ్లెట్ బ్రౌజర్‌లోనే నింపుతాం. యాప్ వాడే అనుమతి మాకు లేదు. ట్యాబ్లెట్ 10 అంగుళాలది, 3 జీబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 12, బ్రౌజర్ క్రోమ్.

టికెట్ తెరిచి, చేసిన పని రాసి, అటాచ్‌మెంట్ గుర్తు నొక్కి కెమెరా ఎంచుకుంటాను. ఫొటో తీసి సరే అనగానే పేజీ మొత్తం తిరిగి లోడ్ అవుతుంది. ఫొటో ఉండదు, రాసిందీ ఉండదు. పదిసార్లలో ఏడెనిమిది సార్లు ఇంతే. లాగిన్ మాత్రం పోదు, కాబట్టి సెషన్ గడువు సమస్య కాదనుకుంటున్నాను. లాప్‌టాప్‌లో ఇదే టికెట్‌కు ఫొటో చక్కగా చేరుతోంది.

క్యాష్, కుకీలు తుడిచాను. మిగతా ట్యాబులు, యాప్‌లు మూసేశాను. డెస్క్‌టాప్ సైట్ పెట్టి చూశాను, తీసి చూశాను. బ్రౌజర్‌పై బ్యాటరీ పొదుపు ఆంక్ష తొలగించాను. డెవలపర్ ఆప్షన్లలో, వదిలిన యాక్టివిటీలను (యాప్ తెరలను) వెంటనే తొలగించే సెట్టింగ్ ఆఫ్‌లోనే ఉంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ తేడా లేదు. ముందే ఫొటో తీసుకుని గ్యాలరీ నుంచి జతచేస్తే దాదాపు ఎప్పుడూ పనిచేస్తోంది. కానీ ఒక్కో గదిలో ఐదారు యంత్రాలుంటే ఏ ఫొటో ఏ టికెట్‌దో కలిసిపోతోంది. ఒకసారి తప్పు ఫొటో వెళ్లి, బాగున్న ప్రింటర్‌ను విప్పాల్సి వచ్చింది. కెమెరా తెరిచినప్పుడు మెమరీ చాలక ఆండ్రాయిడే బ్రౌజర్‌ను మూసేస్తోందని నా అనుమానం.

కొత్త ట్యాబ్లెట్లు కొనకుండా, కెమెరా నుంచి తిరిగి వచ్చేదాకా ఆ పేజీని అలాగే నిలిపి ఉంచే మార్గం ఏదైనా ఉందా?