క్రోషే పూలు ఉతికాక నడుమ చిల్లు పడుతోంది, దారం కొసలు బయటికొస్తున్నాయి, ఏం చెయ్యాలి?

వేళచ్చేరి అమ్మాయి:
హాయ్ అందరికీ. ఆర్నెల్ల నుంచి యూట్యూబ్ చూసి క్రోషే (కొక్కెం లాంటి హుక్‌తో దారం అల్లడం) నేర్చుకుంటున్నా, ఇక్కడ చెన్నైలో చుట్టుపక్కల చెప్పేవాళ్ళెవరూ లేరు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మా ఆడపడుచు కూతురి మొదటి పుట్టినరోజుకి తెల్ల కాటన్ గౌను అంచు చుట్టూ కుడదామని చిన్న చిన్న ఎర్ర పూలు అల్లాను, ఒక్కోటి పది రూపాయల బిళ్ళంత, మొత్తం 24. కాటన్ దారం, 2 ఎంఎం హుక్, మ్యాజిక్ రింగ్‌తో (వేలికి దారం చుట్టి, కొస లాగితే బిగిసే ఉచ్చు) మొదలుపెట్టి ఐదు రేకులు. అల్లినప్పుడు భలే ముద్దొచ్చాయి. ఎందుకైనా మంచిదని నాలుగు పూలు ఓ పాత జేబురుమాలు మీద కుట్టి మిషన్‌లో వేసి చూశా, బయటికి తీస్తే ఏడుపొక్కటే తక్కువ. రెండిటికి రింగ్ వదులై పెసరగింజ దూరేంత చిల్లు పడింది, ఒకదానికి దారం కొస మీసంలా లేచి నిలబడింది, రేకులన్నీ దొన్నెల్లా లోపలికి ముడుచుకున్నాయి, పైగా ఎరుపు దిగి రుమాలంతా గులాబీ రంగు. నేను చేసిందల్లా చివర్లో స్లిప్ స్టిచ్ (వరస మొదలూ చివరా కలిపే పొట్టి కుట్టు) వేసి, ముడేసి, రెండు కుట్లలోంచి కొస దూర్చి దగ్గరికి కత్తిరించెయ్యడమే. మా అత్తగారేమో వెనక జిగురు పెట్టెయ్యమ్మా, ఎందుకీ గొడవ అంటున్నారు. ఫంక్షన్ ఇంకా మూడు వారాలుంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పెరంబూర్ పద్మక్క:
జిగురు వద్దమ్మా, గట్టిపడి పిల్లకి గుచ్చుకుంటుంది. మామూలు తెల్ల జిగురైతే నీళ్ళు తగిలి మెత్తబడి ఊడొస్తుంది కూడా.

నీ తప్పు చివర్లో లేదు, మొదట్లోనే ఉంది, రింగ్ వేసేటప్పుడు ఎంత కొస వదిలావో చెప్పలేదు కానీ రెండు కుట్లలో అయిపోయిందంటే రెండంగుళాలు కూడా ఉండదు. ఆరంగుళాలు వదులు, దారం వేస్టవుతుందని చూడకు. ఆ కొసని సూదికెక్కించి రింగ్ చుట్టూ వెనకవైపు ఒక పూర్తి చుట్టు తిప్పు, తర్వాత ఒక్క పోగు దాటేసి అదే దారిలో వెనక్కి రా, ఆ తర్వాత ఒక రేకు అడుగులోకి దూర్చు. అలా మూడు వైపులా తిరిగితేనే ఆగుతుంది, ఒకే వైపు లాగేస్తే ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చేస్తుంది, మెరుపున్న కాటన్ దారమైతే మరీ జారుడు. ఇంకోటి, దీనికి మొద్దు సూది కాదు, మొన ఉన్న సూది తీసుకుని కుట్ల మధ్యలోంచి కాకుండా దారం పోగుల్ని చీల్చుకుంటూ పో. కత్తిరించేముందు కొసని కొంచెం లాగి పట్టుకుని కత్తిరించి, రేకుని ఓసారి సాగదీస్తే మొన లోపలికి వెళ్ళిపోతుంది.

రింగ్ కూడా వేలికి ఒక చుట్టు కాదు, రెండు చుట్లు వెయ్యి. బిగించేటప్పుడు కొసని మెల్లగా లాగితే రెండు చుట్లలో ఒకటి కదులుతుంది కదా, ఆ కదిలినదాన్ని పట్టుకు లాగితే రెండోది మూసుకుంటుంది, అప్పుడు మళ్ళీ కొస లాగితే ఇదీ మూసుకుంటుంది. మొదట్లో చిరాకొస్తుంది, పది పూలకి చేతికలవాటైపోతుంది.

గోదారి గట్టు:
పద్మక్క చెప్పింది కరెక్టే కానీ నాకు ఈ మ్యాజిక్ రింగే పడదండి. మాది నర్సాపురం దగ్గర, పెళ్ళయ్యాక అంబత్తూర్. మా వైపు లేసు అల్లడమంటే ఇంటింటి పని, పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని మాట్లాడుతూనే అల్లేది, చేతికేసి చూసేదే కాదు. మేం ఏదన్నా అల్లి తీసుకెళ్తే ముందు చూడకుండా వెనక్కి తిప్పి చూసేది, వెనక ముడి కనిపిస్తే అంతే, విప్పు అనేది. ఆవిడ లెక్కలో లేసులో ముడి అనేదే ఉండకూడదు.

ఆవిడ పద్ధతి, నాలుగు చైన్లు (గొలుసు కుట్లు) వేసి స్లిప్ స్టిచ్‌తో గుండ్రంగా కలిపి, ఆ కొసని చైన్ పక్కనే పట్టుకుని దాని మీదుగానే మొదటి వరస అల్లెయ్యడం. కొస కుట్ల కిందే దాక్కుంటుంది, చైన్ రింగ్ కాబట్టి ఎన్నిసార్లు ఉతికినా వదులవదు. మధ్యలో చిన్న చిల్లు మాత్రం ఉంటుంది, దాని మీద ఒక పూస కుట్టేసుకోవచ్చు.

ఆఖర్లో స్లిప్ స్టిచ్ కూడా వెయ్యకండి, అక్కడే బుడిపె లేస్తుంది. దారం కత్తిరించి చివరి కుట్టులోంచి పైకి లాగేసి, సూదికెక్కించి, వరసలో మొదటి కుట్టుని వదిలి రెండో కుట్టు రెండు పోగుల కిందుగా పోనిచ్చి, మళ్ళీ ఆ దారం బయటికొచ్చిన చివరి కుట్టు నడిమధ్యకే దించండి. అచ్చం ఇంకో కుట్టులాగే ఉంటుంది, ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో మీకే తెలీదు.

బీటెక్ బామ్మ:
పూస వద్దు వద్దు! ఏడాది పిల్ల, దొరికిందల్లా నోట్లోకే. అదే దారంతో ఎంబ్రాయిడరీలో వేసే ఫ్రెంచ్ నాట్ (సూదికి దారం చుట్టి వేసే పూస లాంటి ముడి) ఒకటి వేస్తే చాలు.

దొన్నెలా ముడుచుకోవడం సంగతి ఎవరూ చెప్పలేదు. బయటి వరసలో కుట్లు తక్కువైతే దొన్నె, ఎక్కువైతే కుచ్చిళ్ళు, అంతే లెక్క. సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టుతో బిళ్ళ అల్లితే 6, 12, 18 అలా వరసకి ఆరు పెరిగితే చదునుగా ఉంటుంది. మీరు చూసే వీడియో ఏ దేశందో కూడా చూసుకోండి, బ్రిటన్ వాళ్ళు డబుల్ క్రోషే అనేది అమెరికా వాళ్ళకి సింగిల్, అమెరికా డబుల్ అంటే బ్రిటన్ వాళ్ళకి ట్రెబుల్, పేరొక్కటే ఎత్తు వేరు. నేను మొదటి ఏడాదంతా ఇది తెలీక పొట్టి పొట్టి రేకులే అల్లా.

లెక్క సరిగ్గా ఉండి ఉతికాక ముడుచుకుంటే మాత్రం అది బ్లాకింగ్ పని. పువ్వు తడిపి థర్మకోల్ షీట్ మీద వెల్లకిలా పరిచి ఒక్కో రేకు మొన లాగి గుండుసూది గుచ్చి ఆరనివ్వండి. తుప్పు పట్టని సూదులు కావాలి, ఇంట్లో ఉన్న పాత గుండుసూదులు గుచ్చి నేను క్రీమ్ కలర్ పూల మీద గోధుమ చుక్కలు తెచ్చుకున్నా, పోలేదవి. కాటన్ కాబట్టి పైనుంచి ఆవిరి కూడా పట్టొచ్చు, అదే యాక్రిలిక్ ఊలుకి ఇస్త్రీ పెట్టె తాకిస్తే చచ్చిపోయినట్టు జావగా అయిపోతుంది, మళ్ళీ లేవదు. గంజి పెట్టమని ఎవరో ఒకరు చెప్తారు, ఈ చెన్నై ఉక్కకి గంజి రెండ్రోజులు ఆగదు, పురుగులు పట్టడం అదనం.

ఆ ఎర్ర దారం సంగతి. ఒక ముక్క వేణ్ణీళ్ళలో తడిపి తెల్ల గుడ్డలో నొక్కి చూడండి, మూడుసార్లు జాడించినా రంగు అంటుతుంటే అది తెల్ల గౌనుకి పనికిరాదు. ఉప్పు, వెనిగర్ చిట్కాలు కాటన్ రంగుని పట్టి ఉంచవు, నమ్ముకుని ఓ దుపట్టా పోగొట్టుకున్నా. గౌను కూడా ముందు ఓసారి ఉతికి ఆరేసి అప్పుడు కుట్టండి, లేకపోతే గుడ్డ కుంచించుకుపోయి పూల కింద ముడతలొస్తాయి.

పెరంబూర్ పద్మక్క:
అవును పూస సంగతి నాకు తట్టనేలేదు. కుట్టేటప్పుడు పువ్వు రంగు మిషన్ దారం ఒంటి పోగు, రేకు అంచున కాకుండా కాస్త లోపలికి, పువ్వు వెనక పోగుల్నే పట్టుకుంటూ చుట్టూ కుట్టమ్మా. మొనలు వదిలేస్తే పువ్వు లేచినట్టుంటుంది, చిన్నపిల్ల లాగుతుంది కాబట్టి నువ్వు మొనకొక కుట్టు వెయ్యి.

వేళచ్చేరి అమ్మాయి:
అందరికీ చాలా చాలా థాంక్స్. ఎరుపు మూడో జాడింపుకీ దిగింది, అందుకని శనివారం సౌకార్‌పేట వెళ్ళి పసుపు, లేత ఆకుపచ్చ తెచ్చుకున్నా, ఈసారి ముందు ఒక్కో బంతే కొని ఇంటికొచ్చి తడిపి చూసి మళ్ళీ వెళ్ళి మిగతావి కొన్నా, ఆటో డబ్బులు దండగే కానీ ధైర్యంగా ఉంది. వీడియో బ్రిటన్‌దే, బామ్మగారూ మీరు దేవత!! చైన్ రింగ్‌తో 11 పూలయ్యాయి, రెండు మిషన్‌లో వేసి తీశా, కొస ఎక్కడుందో నాకే దొరకలేదు. మా అత్తగారు ఒకటి తీసుకుని వెనక్కి తిప్పి చూసి ఏమీ అనకుండా పక్కన పెట్టారు. జిగురు డబ్బా మాత్రం ఇంకా టేబుల్ మీదే ఉంది.