భర్త అమెరికా పౌరుడు, మేము దుబాయ్‌లో ఉన్నాం: భార్య వీసాకు డొమిసైల్, జిల్లా పేరు, ఇంటర్వ్యూ గురించి

కందుకూరు_అమ్మాయి (సెప్టెంబరు 2025)
అందరికీ నమస్కారం. మాది కందుకూరు, మావారిది కావలి దగ్గర పల్లె. ఆయనకు అమెరికా పౌరసత్వం ఉంది, ఉద్యోగం మాత్రం దుబాయ్‌లో. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇక్కడే కాపురం. పాప పుట్టినప్పుడే తనకు అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నాం. ఇప్పుడు దాన్ని బడిలో వేసే వయసు వచ్చింది కాబట్టి అందరం అమెరికా వెళ్ళిపోదామని నా పేరున ఐ-130 (భార్య కోసం భర్త వేసే పిటిషన్) వేశాం. అది అప్రూవై ఎన్‌వీసీకి (అమెరికా వాళ్ళ నేషనల్ వీసా సెంటర్‌కు) వచ్చింది. ఇక్కడే ఆగిపోయాం.

ఆయనకు అమెరికాలో ప్రస్తుతం ఇల్లు లేదు, ఉద్యోగం లేదు. స్పాన్సర్‌కు, అంటే మావారికి, అక్కడ డొమిసైల్ (స్థిర నివాసం) ఉండాలంటున్నారు, అదెలా చూపించాలి? దుబాయ్ జీతం లెక్కలోకి వస్తుందా? ఇంటర్వ్యూ అబుదాబిలోనా, ముంబైలోనా? ఇంకొకటి. నా బర్త్ సర్టిఫికెట్‌లో కందుకూరు, ప్రకాశం జిల్లా అని ఉంది. పెళ్ళి 2021లో కందుకూరులోనే జరిగింది, రిజిస్టర్ చేయించింది 2023లో. అందులో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని వచ్చింది. ఒకే ఊరు రెండు జిల్లాల్లో ఉందేమిటని ఆఫీసరు అడిగితే ఏం చెప్పాలి? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ట్రంకురోడ్డు
జిల్లా గురించి టెన్షన్ పడకమ్మా. ఏజెంట్ల దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు. మా చెల్లెలి ఫైలు ఒంగోలులో ఒకడి చేతిలో పెట్టాం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, పేరంతా ఒకే గడిలో ఉంటే, వీసాలో ముందు పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ముందు పేరు తెలియదు) అని కొడతారు. వాడికి అది కూడా తెలియదు. ఫారంలో ఒక రకంగా, పాస్‌పోర్టులో ఒక రకంగా రాసి పంపించాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. పాస్‌పోర్టు కొత్తగా తీయించి, అన్నీ మళ్ళీ మార్పించి, ఆ పిల్ల ఎంత ఏడ్చిందో మాకే తెలుసు. మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా ఉందో లేదో ముందు అది చూసుకోండి.

పెన్నాగట్టు
జిల్లా సంగతి నేను చెప్తాను. కందుకూరు మొదటి నుంచీ నెల్లూరుదే. 1970లో ఒంగోలు జిల్లా అని కొత్తగా చేసినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి తీసుకెళ్ళి అందులో కలిపారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న కందుకూరు మళ్ళీ మా దగ్గరికి వచ్చింది. సొంతింటికి చేరినట్టే. ఆఫీసరు అడిగితే, పెళ్ళి రిజిస్టరైన 2023లో నెల్లూరు అని ధైర్యంగా చెప్పండి.

ట్రంకురోడ్డు
సొంతిల్లు ఎవరిదండీ? కందుకూరు వాళ్ళు ఆసుపత్రికైనా కోర్టుకైనా కలెక్టరు ఆఫీసుకైనా తరతరాలుగా ఎక్కిన బస్సు ఒంగోలు బస్సు. నెల్లూరు వంద కిలోమీటర్ల పైనే, ఒంగోలు దానిలో సగం దూరం కూడా లేదు. 2022లో మార్చాక మళ్ళీ ప్రకాశంలో కలపమని అక్కడి జనమే అడిగారు. మ్యాపు మీద గీత గీసినంత మాత్రాన ఊరు మీదైపోదు.

పెన్నాగట్టు
జనం అంటే ఏ జనం? మా అమ్మమ్మది పొదిలి. ఆమె పాత పత్రాలన్నిట్లో నెల్లూరు జిల్లా అనే ఉంటుంది. చరిత్ర చెబితే కోపమెందుకు?

గూడూరు_లండన్
మీరిద్దరూ కందుకూరు కోసం కొట్టుకుంటున్నారు. మా గూడూరును 2022లో నెల్లూరు నుంచి తీసి తిరుపతిలో వేశారు, ఒక్కడూ మాట్లాడడు.

నా బాధ వేరు. నేను బ్రిటన్‌లో పని చేస్తున్నాను, మావారిని తెచ్చుకోవాలి. 2024 ఏప్రిల్ 11కు ముందు స్పాన్సర్ ఆదాయం ఏడాదికి 18,600 పౌండ్లు చాలేది. ఆ రోజు నుంచి 29,000 చేశారు. ఆదాయం చూపించలేకపోతే బ్యాంకులో 88,500 పౌండ్లు చూపించాలట. కేర్ హోమ్‌లో రాత్రి షిఫ్టులు చేసేవాళ్ళకు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? పైగా హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 1,035 పౌండ్లు. అమెరికా కేసులు చూస్తుంటే నాకు కుళ్ళుగా ఉంది, ఉన్నమాట చెబుతున్నాను.

కనిగిరి_కువైట్
అక్కా, కువైట్ సంగతి చూడండి. 2024 జనవరిలో ఫ్యామిలీ వీసాలు మళ్ళీ తెరిచినప్పుడు జీతం 800 దినార్లు ఉండాలన్నారు. డ్రైవర్లకు, మేస్త్రీలకు ఎవరికి ఉంటుంది ఆ జీతం? కనిగిరి, పామూరు వైపు ఇళ్ళల్లో పెళ్ళాలు ఊళ్ళో, మొగుళ్ళు ఎడారిలో. పిల్లలు నాన్నను ఫోన్‌లోనే చూస్తారు. మీరు కనీసం మొగుడి పక్కన కూర్చుని ఫారాలు నింపుతున్నారు.

ఫైలుమనిషి
కందుకూరు అమ్మాయి గారూ, మీ ప్రశ్న ఎవరూ పట్టించుకోవడం లేదు కాబట్టి నేను చెప్తాను. న్యూజెర్సీలో ఇమిగ్రేషన్ లాయరు ఆఫీసులో 2009 నుంచి పని చేస్తున్నాను. ఇలాంటి ఫైళ్ళు నా చేతి మీదుగా వెళ్ళినన్ని ఈ చర్చలో ఎవరి చేతి మీదుగానూ వెళ్ళి ఉండవు.

మీ ఆయన ఐ-864, అంటే మిమ్మల్ని పోషించగలనని ఇచ్చే హామీ పత్రం, వేయక తప్పదు, పిటిషనర్ ఆయనే కాబట్టి. డొమిసైల్ అంటే ఈ రోజు అమెరికాలో ఉండి తీరాలని కాదు. మీరు వెళ్ళేలోపు గానీ మీతో పాటు గానీ వచ్చి అక్కడ స్థిరపడతాడని నమ్మకం కలిగించాలి. అక్కడి బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు నమోదు, ఇంటి అద్దె ఒప్పందం, ఉద్యోగం ఆఫరు, పాపకు బడిలో సీటు కోసం రాసిన ఉత్తరాలు, సామాను పంపడానికి తీసుకున్న కొటేషను, ఇలాంటివి ఎన్ని ఉంటే అంత మంచిది. వీటికి పైన ఆయన సంతకంతో ఒక ఉత్తరం. వెళ్ళే ఉద్దేశం ఉంది అని ఒక్క ముక్క రాసి ఊరుకునే వాళ్ళ ఫైళ్ళే వెనక్కి వస్తాయి.

దుబాయ్‌లో ఇన్‌కమ్ టాక్స్ లేదని చాలామంది ఐఆర్‌ఎస్‌కు (అమెరికా టాక్స్ శాఖకు) రిటర్ను వేయడం మానేస్తారు. పౌరుడు ఏ దేశంలో ఉన్నా, ఆదాయం పరిమితి దాటితే, కట్టాల్సింది సున్నా అయినా వేయాలి. వేయలేదా, ముందు ఆ పని చూడండి.

మైపాడు_అల
ఇంత తతంగం ఎందుకు? మా కజిన్ సౌదీ నుంచి నేరుగా ఎంబసీలోనే వేశాడు. చకచకా అయిపోయింది. వీళ్ళు కూడా అబుదాబిలో వేసుకుంటే పోయేది.

ఫైలుమనిషి
మీ కజిన్ ఏ కాలంలో వేశాడు? ఇప్పుడు ఎంబసీలు ఐ-130 తీసుకునేది అసాధారణ పరిస్థితుల్లోనే. అత్యవసర వైద్యం, సైన్యంలో పని, కంపెనీ ఉన్నట్టుండి అమెరికాకు బదిలీ చేయడం, అలాంటివి. పైగా ఆవిడది అప్రూవ్ కూడా అయింది. పాత కాలం కబుర్లు ఇక్కడ రాసి జనాన్ని దారి తప్పించొద్దు.

మైపాడు_అల
నాకు తెలిసింది చెప్పాను. లాయరు దగ్గర పని చేసినంత మాత్రాన మీరు లాయరు అయిపోరు. మర్యాదగా మాట్లాడండి.

రొయ్యలగుంట
అమ్మా, జీతం లెక్క రాకపోతే ఆస్తి చూపించండి. మా బావమరిది అలాగే చేశాడు. మా మామగారికి అల్లూరు వైపు రొయ్యల గుంటలు ఉన్నాయి, కోట్లు చేస్తాయి. వాల్యుయేషన్ చేయించి, సీఏతో సర్టిఫికెట్ రాయించుకున్నాం. కావలి వాళ్ళంటున్నారు, మీ అత్తగారి వైపు కూడా భూమి ఉండే ఉంటుందిగా.

ఫైలుమనిషి
ఆస్తి పనికొస్తుంది, కానీ ఎవరి ఆస్తి? స్పాన్సర్ పేరునో, ఆయన ఇంట్లోనే ఉంటూ తోడుగా సంతకం పెట్టే చుట్టం పేరునో, వీసాకు వెళ్ళే మనిషి పేరునో ఉండాలి. మామగారి గుంటలు మామగారివే. ఇంకో షరతు, ఏడాదిలోపు అమ్మి డబ్బు చేసుకుని, ఆ డబ్బు బయటికి తీసుకెళ్ళగలిగేలా ఉండాలి. అమెరికా పౌరుడు ఓసీఐ (విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే కార్డు) మీద మన దగ్గర వ్యవసాయ భూమి కొనలేడు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అమ్మాలంటే ఇండియాలో ఉండే భారత పౌరుడికే అమ్మాలి. పౌరుడి భార్య కేసులో ఆస్తి విలువ తక్కువ పడ్డ ఆదాయానికి మూడు రెట్లు ఉండాలి. ముగ్గురి కుటుంబానికి 2025 లెక్కన 33,312 డాలర్లు కావాలి. ఆదాయం సున్నా అయితే దాదాపు లక్ష డాలర్ల ఆస్తి చూపాలి.

దుబాయ్ జీతం సంగతీ ఇక్కడే చెప్తాను. అమెరికా వెళ్ళాక కూడా అదే కంపెనీ నుంచి అదే జీతం వస్తుందని కంపెనీ రాసిస్తే లెక్కలోకి వస్తుంది. లేకపోతే రాదు.

రొయ్యలగుంట
మా బావమరిది వీసా వచ్చిందండీ. అది నిజం. మీ పుస్తకాల మాటలు వేరు.

ఫైలుమనిషి
వచ్చి ఉండొచ్చు. గుంటల వల్ల వచ్చిందని మాత్రం అనకండి. ఫైలులో జాయింట్ స్పాన్సర్ (తోడుగా హామీ ఇచ్చే మనిషి) ఎవరైనా ఉన్నారేమో ఆయన్ని అడగండి.

రొయ్యలగుంట
డెట్రాయిట్‌లో వాళ్ళ అక్క సంతకం పెట్టింది. అయితే ఏంటి? గుంటల కాగితాలు కూడా పెట్టాం.

కావలి_కోడలు
మీరంతా పౌరుల భార్యల గురించే మాట్లాడుతున్నారు. మావారిది గ్రీన్‌కార్డు. గ్రీన్‌కార్డు వాళ్ళ భార్యాపిల్లలకు ఎఫ్2ఏ అని వరస. ప్రతి నెలా ఎవరి వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ తెరవడం, తేదీ కదల్లేదని మూసేయడం. నేనూ బాబూ కావలిలో అత్తగారింట్లో, ఆయన డాలస్‌లో. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళితే మీ ఆయన ఎప్పుడు తీసుకెళ్తాడే అని అడగని మనిషి లేదు. మా అత్తగారు మంచిది, ఒక్క మాట అనదు. అయినా ఆ ప్రశ్న విన్నప్పుడల్లా ఆమె మొహం చిన్నబోతుంది, నాకు అదే ఎక్కువ బాధ. పౌరుల భార్యలకు లైను లేదు, మీ అదృష్టం మీకు తెలియదు.

కందుకూరు_అమ్మాయి
అక్కా, మీ బాధ నిజమే. కానీ నేనూ ఇక్కడ ఊరికే లేను. పాపను ఏ దేశంలో బడిలో వేయాలో తెలియక నిద్ర పట్టడం లేదు. ఇంటర్వ్యూ ఎక్కడో ఒక్కరైనా చెప్పండి. కందుకూరు ఏ జిల్లాదో మా నాన్న తేల్చుకుంటారు.

ట్రంకురోడ్డు
మీ నాన్నగారిని అడగండి, ఒంగోలు అనే చెప్తారు.

ఉదయగిరి_కొండ
జిల్లా గొడవ ఆపండి ఇద్దరూ. ఇంటర్వ్యూ సంగతి నేను చెప్తాను, మా అన్నది ఖతార్ కేసు కాబట్టి ఇవన్నీ చదివాను. 2025 నవంబరు 1 నుంచి ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ మీరు నివసించే దేశంలో వేస్తారు, అడిగితే మీ పౌరసత్వం ఉన్న దేశంలో. మీరు యూఏఈలో రెసిడెన్స్ మీద ఉన్నారు కాబట్టి అబుదాబి. ఇండియాలో కావాలంటే ముంబై, మన హైదరాబాద్‌లో ఇమిగ్రెంట్ వీసాలు చూడరు. ఇద్దరూ దుబాయ్‌లోనే ఉన్నారు, పాపను వేసుకుని ముంబై వెళ్ళడం దండగ. మెడికల్ కూడా ఇంటర్వ్యూ జరిగే దేశంలో వాళ్ళు చెప్పిన డాక్టరు దగ్గరే.

పోలీసు సర్టిఫికెట్లు రెండు కావాలి, ఇండియాది ఒకటి, యూఏఈది ఒకటి. ఇండియాది అక్కడి మన కాన్సులేట్ ద్వారానే తీసుకోవచ్చు, కానీ ముందే మొదలుపెట్టండి. మా అన్న పాస్‌పోర్టులో పాత అడ్రసు ఉంది, జిల్లాలు మారాక ఆ ఎంక్వయిరీ ఎక్కడికో వెళ్ళి కూర్చుంది. మా నాన్న స్టేషన్ల చుట్టూ తిరిగితే తప్ప కదల్లేదు. మీదీ కందుకూరు అడ్రసే అయితే ఊళ్ళో ఒక మనిషిని సిద్ధంగా పెట్టుకోండి.

పెన్నాగట్టు
చూశారా, జిల్లా పేరు ఎంత ముఖ్యమో. అమ్మా, ప్రభుత్వం 2022లో జిల్లాలు మార్చిన గెజిట్ నోటిఫికేషన్ ఉంటుంది, దాని కాపీ ఒకటి తీసి ఫైలులో పెట్టుకోండి. అడిగితే అదే చూపించండి. ఇందులో ట్రంకురోడ్డు గారికి కూడా అభ్యంతరం ఉండదనుకుంటాను.

ట్రంకురోడ్డు
గెజిట్‌కు అభ్యంతరం లేదు. మంచి మాటే. కందుకూరు మాదే.

కందుకూరు_అమ్మాయి
అందరికీ చాలా థ్యాంక్స్. డాలస్‌లో మా బావగారిని జాయింట్ స్పాన్సర్‌గా అడుగుతాం. వాళ్ళింట్లో భార్య, ఇద్దరు పిల్లలు. ఆయన జీతం సరిపోతుందా ఫైలుమనిషి గారూ?

ఫైలుమనిషి
వాళ్ళు నలుగురు, మీరొకరు, మొత్తం అయిదుగురికి 2025 లెక్కన 47,062 డాలర్లు దాటాలి. ఆయన పౌరుడు గానీ గ్రీన్‌కార్డు గానీ అయి ఉండాలి, అక్కడే ఉంటూ ఉండాలి. ఒక మంచి సంగతి, మీ పెళ్ళయి రెండేళ్ళు దాటింది కాబట్టి మీకు నేరుగా పదేళ్ళ కార్డు వస్తుంది. రెండేళ్ళు నిండకుండా అమెరికాలో అడుగుపెట్టిన వాళ్ళకు రెండేళ్ళ షరతుల కార్డిచ్చి, ఆ షరతులు తీసేయడానికి ఐ-751 వేయమంటారు.

కావలి_కోడలు
ఫైలుమనిషి గారూ, ఒక్క మాట. మావారికి పౌరసత్వానికి అర్హత వస్తోంది. ఆయన పౌరుడైతే మా ఎఫ్2ఏ లైను పోతుందా?

ఫైలుమనిషి
పోతుందమ్మా. ఆయన నాచురలైజేషన్ (పౌరసత్వం వచ్చినట్టు) సర్టిఫికెట్ కాపీ ఎన్‌వీసీకి పంపితే మీ కేసు పౌరుడి భార్య కేసుగా మారుతుంది. కానీ జాగ్రత్త. ఎఫ్2ఏలో బాబు మీ ఫైలు వెంటే వస్తాడు. మారాక రాడు. వాడికి విడిగా ఐ-130 ఉండాలి. వేశారా?

కావలి_కోడలు
లేదండీ. ఒకే ఫైలు చాలని చెప్పి వేయించారు. ఇప్పుడు వేస్తే ఆలస్యమవుతుందా?

ఫైలుమనిషి
ఇప్పుడే వేయించండి. ఆయన పౌరుడయ్యాక మీ ఫైలుతో పాటు వాడిదీ మారుతుంది. ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద వేస్తే 675. బాబు బర్త్ సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల పేర్లు మీ పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉన్నాయేమో ముందు చూసుకోండి, తేడా ఉంటే మున్సిపాలిటీలో దిద్దించుకోవడానికి టైం పడుతుంది.

కావలి_కోడలు
ఆయన పేరులో ఒక అక్షరం తేడా ఉందండీ. రేపు ఉదయమే మున్సిపల్ ఆఫీసుకు వెళ్తాను. ఏమేం కాగితాలు తీసుకెళ్ళాలో కావలి వాళ్ళెవరైనా చెప్పండి.