కనిగిరి వైపు ఊళ్లో ఫ్లోరైడ్ మీద వేసవి సీఎస్‌పీ: 180 గంటలు ఎలా ప్లాన్ చెయ్యాలి?

బీఎస్సీ_బ్యాచ్4

కెమిస్ట్రీ గ్రూపు, రెండో సెమిస్టర్ పరీక్షలు అయిపోవచ్చాయి. ఈ వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు (సీఎస్‌పీ) చెయ్యాలి. నలుగురం ఒక బ్యాచ్, ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. మహిళా గ్రామ సంఘాలతో కలిసి పనిచేసే స్వచ్ఛంద సంస్థల నెట్‌వర్క్ ఒకటి కనిగిరి వైపు ఒక ఊరు చూపించింది. 320 ఇళ్లు. అంశం తాగునీళ్లలో ఫ్లోరైడ్. నెట్‌వర్క్ వాళ్ల దగ్గర ఫ్లోరైడ్ చూసే ఫీల్డ్ టెస్ట్ కిట్, టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) మీటర్ ఉన్నాయట.

ఆరు వారాలూ ఎలా పంచుకోవాలి? ఎన్ని ఇళ్లు తిరగాలి? కిట్‌లో వచ్చిన అంకెను రిపోర్టులో రాసెయ్యొచ్చా? పాత రిపోర్టులు చూస్తే ఊరి పేరు మార్చి మిగతాదంతా ఒకరిది ఒకరు దించినట్టున్నాయి. మాది అలా కాకూడదు. ఫీల్డులో పనిచేసేవాళ్లు చెప్తే బాగుంటుంది.

నీటి_కోఆర్డినేటర్

అంశం "ఫ్లోరైడ్" అని పెట్టుకుంటే ఆరు వారాలూ ఇంటర్నెట్‌లో చదివింది రాయడంతోనే సరిపోతుంది. గ్రామ సంఘానికి ఇప్పుడు తెలియనిది ఒకటి పట్టుకోండి. ఆ వైపు చాలా ఊళ్లలో తాగడానికి ఆర్వో ప్లాంటు క్యాన్ నీళ్లు, వంటకు బోరు నీళ్లు. అన్నం, పప్పు, టీ అన్నీ బోరు నీళ్లతోనే. ఎంత మరిగించినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. "క్యాన్ కొంటున్నాం కదా, మాకేం భయం" అనే ఇంట్లో కూడా కుండలోకి వెళ్లేది ఎంత? ఈ ఒక్క ప్రశ్నకు ఊరి లెక్క తేలిస్తే సంఘం వాళ్లు ఆ కాగితం దాచుకుంటారు.

మొదటి రోజే సర్వేకి దిగొద్దు. ముందు సంఘం అధ్యక్షురాలినీ, సంఘం పుస్తకాలు రాసే యానిమేటర్ అక్కనీ (వీఓఏ అన్నా ఆవిడే) కలవండి. సంఘం నెలవారీ సమావేశం ఏ తేదీనో కనుక్కుని మీ క్యాలెండర్ దాని చుట్టూ కట్టుకోండి. సమావేశం దాటిపోయాక వెళ్తే ఫలితాలు చెప్పుకోవడానికి వేదికే ఉండదు. ప్రిన్సిపాల్ లెటర్ మూడు కాపీలు పట్టుకెళ్లండి: సచివాలయానికి ఒకటి, సంఘానికి ఒకటి, మీ చేతిలో ఒకటి.

టైమింగు ముఖ్యం. వేసవిలో ఉపాధి హామీ పనికి పొద్దున్నే వెళ్లిపోతారు. ఎనిమిదింటికి తలుపు కొడితే ముసలివాళ్లు, పిల్లలు తప్ప ఎవరూ దొరకరు. వాళ్లను అడిగి రాసుకుంటే వంట నీళ్ల లెక్క తప్పుతుంది, ఎందుకంటే వండేది వాళ్లు కాదు. పొద్దున 6:30 నుంచి 10 దాకా బోర్లు, కుళాయిలు, ఆర్వో ప్లాంటు చూసుకోండి. ఇళ్లకు సాయంత్రం 5 తర్వాత వెళ్లండి. మధ్యాహ్నం నీడపట్టున కూర్చుని డేటా సరిచూసుకోండి, ఆ ఎండలో తిరగొద్దు. అమ్మాయి ఒకరు, అబ్బాయి ఒకరు కలిసి ఒక జట్టు అయితే ఇళ్లలో మాట సులువుగా సాగుతుంది.

"మాకేం ఇస్తారు?" అని ప్రతి మూడో ఇంట్లో అడుగుతారు. ప్లాంటు వస్తుందనో, పెన్షన్ వస్తుందనో పొరపాటున కూడా అనకండి. "మీ బోరు నీళ్లు పరీక్ష చేసి ఫలితం చెప్తాం" అనండి, అది మీ చేతిలో ఉన్న పని.

డిగ్రీ_మెంటర్

కాగితాల సంగతి నేను చెప్తాను. ఉన్నత విద్యామండలి మార్గదర్శకాల ప్రకారం 180 గంటలు, అంటే వారానికి 30, ఆదివారం తీసేస్తే రోజుకు 5. ప్రాథమిక సర్వే ఒక వారం, అవగాహన కార్యక్రమాలు ఒక వారం, ఊరివాళ్లతో కలిసి పనిచేసే ఇమ్మర్షన్ మూడు వారాలు, చివరి వారం ఎగ్జిట్ రిపోర్టు. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో చేసే పనే ఇక్కడా చూపిస్తే ఒప్పుకోరు.

లాగ్ బుక్ ఏ రోజుది ఆ రోజే రాయాలి. నెల తర్వాత ఒకే పెన్నుతో, ఒకే చేతివాటంతో నింపింది ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుంది. "సర్వే చేశాం, ప్రజలు సహకరించారు" అని రాయకండి. "ఎస్సీ కాలనీ, 11 ఇళ్లు, 2 తాళం, చేతిపంపు దగ్గర నమూనా తీశాం" అని రాయండి. నేర్చుకున్నది అనే గడిలో ఆ రోజు ఎదురైన ఇబ్బంది రాస్తే చాలు, నీతివాక్యాలు అక్కర్లేదు. సంస్థ తరఫున సంతకం ఎవరు పెడతారో మొదటి రోజే పేరుతో సహా తేల్చుకోండి. చివర్లో ఆ మనిషి సెలవులో ఉంటే పుస్తకం పట్టుకుని తిరగలేరు.

నలుగురూ ఒకే రిపోర్టు ఇస్తే వైవాలో దొరికిపోతారు. సర్వే అందరిదీ. రిపోర్టులో మాత్రం ఒకరికి నీటి వనరుల పరీక్షలు, ఒకరికి వంట నీళ్ల లెక్క, ఒకరికి క్యాన్ల ఖర్చు, ఒకరికి అంగన్‌వాడీ, బడి నీళ్లు.

ఇంకో మాట, ఇది మీకు కాదు, చదివే మిగతావాళ్లకి. డబ్బు కడితే ఇంట్లో కూర్చునే సర్టిఫికెట్ ఇస్తామనే సంస్థల జోలికి పోకండి. సంస్థ నిజమైనదో కాదో తెలియాలంటే నీతి ఆయోగ్ వారి ఎన్‌జీవో దర్పణ్ పోర్టల్‌లో వెతకండి. అక్కడ కనిపించినంత మాత్రాన మంచి సంస్థ అని కాదు. అసలు కనిపించకపోతే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆరా తియ్యండి.

లెక్కల_మాస్టారు

320 ఇళ్లకు 80 చాలు. ప్రతి నాలుగో ఇల్లు. 1 నుంచి 4 దాకా చీటీలు వేసి ఒకటి తియ్యండి. 3 వస్తే 3, 7, 11... అలా. ఊరు ఒక కొస నుంచి మొదలుపెట్టి కాలనీలు, శివారు గుడిసెలు కూడా వరసలో వచ్చేలా ముందు చేత్తో మ్యాపు గీసి నంబర్లు వెయ్యండి. ఇది లేకుండా దిగితే మెయిన్ రోడ్డు పక్క ఇళ్లే ఎక్కువ వస్తాయి, వాళ్లే క్యాన్లు ఎక్కువ కొనేది. తాళం ఉంటే ఇంకో రెండుసార్లు వెళ్లండి, అప్పటికీ లేకపోతే "తాళం" అని రాయండి. పక్కింటికి జరగొద్దు. జరిగితే పగలు ఇంట్లో ఉండేవాళ్లే మీ లెక్కలోకి వస్తారు.

25 నిమిషాలు దాటని ప్రశ్నావళి అయితే ఒక జట్టు పూటకు 5 లేదా 6 ఇళ్లు చేస్తుంది. రెండు జట్లకు వారం, ఎనిమిది రోజులు. అసలు సర్వేకి ముందు లెక్కలో లేని 5 ఇళ్లలో అడిగి చూడండి, సగం ప్రశ్నలు అక్కడే మారతాయి.

ఫోన్లో కోబో కలెక్ట్ అనే సర్వే యాప్ వాడండి, సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది. సర్వే మధ్యలో ఫారం మారిస్తే నాలుగు ఫోన్లలోనూ కొత్తది దించుకోవాలి. ఒక్కరు మర్చిపోయినా రెండు రకాల డేటా వస్తుంది, కలపడానికి తల ప్రాణం తోకకొస్తుంది. ప్రతి ప్రశ్నకీ "తెలియదు", "చెప్పలేదు" అని రెండు విడివిడి గడులు పెట్టండి. ఆధార్ నంబర్ అడగొద్దు, అవసరం లేదు. ఫ్లోరైడ్ వల్ల గార పట్టిన పళ్లున్న పిల్లల ఫొటోలు తియ్యాలనిపిస్తుంది, తల్లిదండ్రులను అడగకుండా తియ్యొద్దు. మొహం అసలే వద్దు.

"రోజుకు ఎన్ని బిందెలు?" అని అడిగి వదిలేస్తే ఆ అంకెకు విలువ లేదు. ఒక్కో ఇంట్లో బిందె ఒక్కో సైజు. లీటరు సీసా తీసుకెళ్లి, అన్నం వండే గిన్నెలో ఎసరు ఎంత పోస్తారో కొలిచి రాసుకోండి. గంజి వారుస్తారా, ఇగర్చి దించుతారా అన్నది కూడా అడగండి. గంజి పారబోస్తే కొంత ఫ్లోరైడ్ దానితో పోతుంది, ఇగర్చితే అంతా అన్నంలోనే ఉంటుంది.

బీఎస్సీ_బ్యాచ్4

చాలా థ్యాంక్సండీ, గంజి సంగతి మాకు తట్టనే లేదు. కిట్ గురించి ఎవరూ చెప్పలేదు. టీడీఎస్ మీటర్‌తో ఫ్లోరైడ్ అంచనా వెయ్యొచ్చా?

నీటి_కోఆర్డినేటర్

వెయ్యలేరు. టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనాగా చూపిస్తుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. టీడీఎస్ 600 (లీటరుకు మిల్లీగ్రాముల్లో) ఉన్న బోరులో ఫ్లోరైడ్ 3 ఉండొచ్చు, 1500 ఉన్న బోరులో 1 లోపే ఉండొచ్చు. ఆర్వో ప్లాంటు దగ్గర మాత్రం మీటర్ పనికొస్తుంది. లోపలికి వెళ్లే నీళ్లు, బయటికి వచ్చే నీళ్లు రెండూ కొలవండి. వారం వారం బయటి అంకె పెరుగుతోందంటే మెంబ్రేన్ (వడపోసే పొర) మార్చే సమయం అయిందన్నమాట. ప్లాంటు వదిలేసే నీళ్లు ఎటు పోతున్నాయో కూడా చూడండి. బోరు కంటే వాటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువ. పశువుల తొట్టిలోకి పైపు పెట్టి ఉంటే రాసుకోండి.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు. వేరే దారి లేని చోట 1.5 దాకా. టీడీఎస్‌కు అవే 500, 2000.

కిట్ వాడేటప్పుడు ముందు రియేజెంట్ (నీళ్లలో కలిపే రసాయనం) గడువు తేదీ చూడండి. ఎండలో బండి డిక్కీలో పెట్టిన సీసా గడువు లోపలే చెడిపోతుంది. రోజూ మొదటి పరీక్ష డిస్టిల్డ్ వాటర్‌తో చెయ్యండి, సున్నా దగ్గర రంగు రాకపోతే ఆ రోజు రీడింగులు తీసుకోవద్దు. చాలా కిట్లలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ రంగు గులాబీ నుంచి పసుపు వైపు జరుగుతుంది. నీడలో, పగటి వెలుతురులో తెల్ల కాగితం అడ్డుపెట్టి చూడాలి. ట్యూబ్‌లైట్ కింద ఇద్దరు చూస్తే రెండు అంకెలు చెప్తారు. రంగు కార్డు చివరి గడి దాటితే నమూనాను అంతే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి మళ్లీ చూసి, వచ్చినదాన్ని రెండింతలు చెయ్యండి. క్లోరిన్ కలిపిన వెంటనే కుళాయి నీళ్లు పట్టకండి, క్లోరిన్ రంగును విరిచేస్తుంది.

నమూనా తీసే ముందు బోరు కొన్ని నిమిషాలు నడవనివ్వండి. ప్లాస్టిక్ సీసానే వాడండి, ఫ్లోరైడ్‌కు గాజు వద్దు. అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, నింపి, చోటు, తేదీ, సమయం సీసా మీదే రాయండి. మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి. ఒక్కో వనరు వారం తేడాతో రెండుసార్లు.

కిట్ అంకెను అంచనాగానే రాయండి. 1.0 పైన వచ్చినవన్నీ గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు పంపండి. ఆ ఫలితం రాకుండా "ఈ బోరు ప్రమాదం" అని ఊళ్లో చెప్పకండి. ఆ బోరు ఎవరి గడప ముందు ఉందో, ఎవరు వేయించారో మీకు తెలియదు, మాట ఎటు పోతుందో చెప్పలేం. ల్యాబు ఖరారు చేశాక కూడా చేతిపంపుకు తాగొద్దనే గుర్తుగా ఎర్ర రంగు వెయ్యాలంటే పంచాయతీ చేతే వేయించండి.

అవగాహన వారానికి ఫ్లెక్సీలు, ర్యాలీలు వద్దు. పొదుపు సంఘం సాయంత్రం కూర్చున్నప్పుడు 20 నిమిషాలు అడగండి. వాళ్లు ఇంటి నుంచి తెచ్చిన నీళ్లే వాళ్ల ముందు పరీక్ష చెయ్యండి. పాలు, మునగాకు, ఉసిరి తీసుకోమని చెప్పండి, ఫ్లోరైడ్ ఉండే చిక్కటి టీ, నల్ల ఉప్పు తగ్గించమనండి. కీళ్ల నొప్పులు చూపించి "ఇది ఫ్లోరైడేనా?" అని అడిగితే జవాబు చెప్పకండి, ఆస్పత్రికి పంపండి.

బీఎస్సీ_బ్యాచ్4

ల్యాబుకు వారానికి ఒకసారే వెళ్లగలం. అప్పటిదాకా నమూనాలు నిలవుంటాయా?

డిగ్రీ_మెంటర్

ఫ్లోరైడ్‌కు ఇబ్బంది లేదు, ప్లాస్టిక్ సీసాలో 28 రోజుల దాకా ఉంచొచ్చు, ఏమీ కలపక్కర్లేదు. బ్యాక్టీరియా పరీక్ష కూడా చేయించాలనుకుంటే దానికి వేరే, స్టెరైల్ సీసా కావాలి. ఐసు పెట్టెలో పెట్టి 24 గంటల లోపు చేర్చాలి. అది కుదరకపోతే హెచ్‌టూఎస్ సీసాలు (కలుషితమైతే నీళ్లు నల్లబడే పరీక్ష సీసాలు) కొనండి. గీత దాకా నీళ్లు పోసి ఉంచితే 24 నుంచి 48 గంటల్లో నల్లబడిందా లేదా చూడొచ్చు. నల్లబడిన సీసా మూత తియ్యకుండా కాలేజీ ల్యాబుకు తెచ్చివ్వండి, ఊళ్లో పారెయ్యొద్దు.